శరీరం ద్వారా ట్రామాకూ వ్యసనానికీ చికిత్స: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

మానసిక గాయాల (ట్రామా) నుంచీ, వాటిని మరచిపోవడానికి పట్టుకున్న వ్యసనాల నుంచీ బయటపడాలంటే మాటలతో జరిగే కౌన్సెలింగ్ ఒక్కటే చాలదనీ, శరీరాన్నీ నాడీ వ్యవస్థనూ కూడా చికిత్సలో భాగం చేయాలనీ చెప్పే కోర్సులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొల్లలుగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని నేను మొదటి పాఠం నుంచి చివరి పాఠం వరకు పూర్తి చేశాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే అచ్చులో పోసిన కోర్సులు చాలా ఉన్నాయి, నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం వాటన్నింటికీ వర్తిస్తుంది. నేను వైద్యుల పర్యవేక్షణలో మద్యం మానేసి, కౌన్సెలింగ్ కూడా ముగించుకున్న తర్వాతే ఇందులో చేరాను. తాగుడు ఆగింది గానీ చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, తెల్లవారుజామున దవడలు బిగుసుకుపోయి మెలకువ రావడం, ఎవరైనా గొంతు పెంచితే కడుపులో మెలిపెట్టినట్టు కావడం ఆగలేదు. ఆ మిగిలిపోయిన వాటి కోసమే నేను చేరాను, ఆ మేరకు కోర్సు నాకు ఉపయోగపడింది. అయితే అభ్యాసాలు ఎంత జాగ్రత్తగా ఉన్నాయో వాటి చుట్టూ అల్లిన సిద్ధాంతం అంత అజాగ్రత్తగా ఉంది, వ్యసనం విషయంలో తీసుకోవలసిన కనీస భద్రతా చర్యలు కొన్ని అసలే లేవు.

కోర్సు నిర్మాణం సాదాగానే ఉంటుంది. రికార్డు చేసిన వీడియో పాఠాలు, వారానికోసారి జూమ్‌లో గ్రూపు సెషన్, మధ్యమధ్యలో శిక్షకురాలితో విడిగా మాట్లాడే సెషన్లు ఉంటాయి. వీడియోలు చిన్నవి, మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఇటువంటి వీడియోల్లో తప్పనిసరి అన్నట్టు వినిపించే వేణునాదమూ అలల చప్పుడూ ఇందులో లేకపోవడం నాకు పెద్ద ఊరట. ఏ అభ్యాసంలోనైనా కళ్లు మూసుకోవడం తప్పనిసరి కాదని ప్రతి పాఠం మొదట్లోనూ చెబుతారు. కళ్లు మూసుకుంటే భయం పెరిగేవారికి ఆ ఒక్క వాక్యం ఎంత అవసరమో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇక కోర్సు నిలబడిన ఆలోచన సంగతి. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాడటానికో పారిపోవడానికో సిద్ధపడుతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, అడ్రినలిన్ క్షణాల్లోనూ కార్టిసాల్ కొన్ని నిమిషాల్లోనూ రక్తంలో పెరుగుతాయి. పోరాడటానికీ పారిపోవడానికీ వీల్లేని స్థితిలో, ముఖ్యంగా దెబ్బ కొట్టేవారి మీదే ఆధారపడి బతకవలసిన పిల్లల్లో, శరీరం కదలక మెదలక మొద్దుబారిపోవడం కూడా ఉంటుంది. అపాయం దాటిపోయాక ఈ సన్నాహమంతా వెనక్కి తగ్గాలి. కానీ పదేపదే దెబ్బతిన్నవారిలో కొందరికి అది పూర్తిగా తగ్గదు, ఏళ్లు గడిచినా శరీరం కాపలా కాస్తూనే ఉంటుంది. అలాంటి మనిషి చేతికి మద్యం దొరికితే, అది మెదడును శాంతింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచి, ఉద్రేకపరిచే గ్లూటమేట్ పనిని తగ్గించి, ఎన్నడూ సడలని బిగువును కొద్దిసేపు సడలిస్తుంది. ఆ మనిషి తాగుతున్నది సరదా కోసమని చుట్టూ ఉన్నవారు అనుకుంటారు గానీ, అతను తనకు తాను వైద్యం చేసుకుంటున్నాడన్న మాటలో చాలా నిజం ఉంది.

ఈ సంబంధం ఊహ కాదని చెప్పడానికి కోర్సు 1998లో వెలువడిన బాల్య ప్రతికూల అనుభవాల అధ్యయనాన్ని ముందు పెడుతుంది, అది సరైన ఎంపికే. విన్సెంట్ ఫెలిట్టీ, రాబర్ట్ ఆండా తదితరులు చేసిన ఆ అధ్యయనంలో, బాల్యంలో హింస, ఇంట్లో తాగుబోతులు ఉండటం వంటి ప్రతికూలతలు నాలుగు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ ఎదుర్కొన్నవారికి, ఏ రకమూ ఎదురుకానివారితో పోలిస్తే, మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ప్రమాదాలు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అయితే అది జనసమూహానికి సంబంధించిన లెక్క, ఒక మనిషి జాతకం కాదు. మొదటి గ్రూపు సెషన్‌లో మాత్రం అందరి చేతా ప్రశ్నావళి నింపించి, వచ్చిన అంకెను పైకి చెప్పించారు. తన అంకె చెప్పాక ఒకావిడ ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు. అంకెను చెప్పించినంత సేపు కూడా అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో వివరించడానికి కేటాయించలేదు.

ఇంక కోర్సులో మెచ్చుకోవలసిన భాగానికి వస్తాను. మొదటి కొన్ని పాఠాల్లో గతం ప్రస్తావనే రాదు. కూర్చున్న చోటు నుంచి మెడను నెమ్మదిగా ఒక పక్కకు తిప్పుతూ గదిని చూడమంటారు. చూపు ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఆగనివ్వమంటారు. వినడానికి ఇది చాలా అల్పంగా ఉంటుంది, నేనూ మొదట విసుక్కున్నాను. కానీ నిదానంగా చేస్తే ఒకటి గమనించవచ్చు. బిగువుగా ఉన్న మనిషి గదిని చూడడు, గదిలోని తలుపును మాత్రమే చూస్తాడు. తల తిరిగినా భుజాలు తిరగవు, మెడ వెనక కండరం తాడులా పైకి లేచి ఉంటుంది, శ్వాస గొంతు దగ్గరే ఆగిపోతుంది. చూపు కిటికీ అంచు మీదా, గోడ మీద పడిన వెలుతురు మీదా, పుస్తకాల వరుస మీదా మెల్లగా ప్రయాణించే కొద్దీ ఒకచోట తనంతట తానే ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది, లేదా ఆవలింత వస్తుంది, లేదా పొట్టలో గుడగుడమని శబ్దం వస్తుంది. ఆ సంగతిని గమనించి వదిలేయమంటారు, దానికి పేరు పెట్టమనరు. కావాలని చేసేది కాకుండా జరిగేదాన్ని చూడటం నేర్పడమే ఈ అభ్యాసంలోని సారం.

ఆ తర్వాత వచ్చే పాఠాలు పీటర్ లెవీన్ 1970ల నుంచి రూపొందిస్తూ వచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ పద్ధతిని అనుసరిస్తాయి. ఈ పద్ధతిలో బాధాకరమైన సంఘటనను మొదటి నుంచి చివరిదాకా చెప్పించరు. దాని అంచును మాత్రం ఒకసారి తాకి, వెంటనే శరీరంలో బాధ లేని చోటికి, పాదాల కింది నేలకో, వీపును ఆనుకుని ఉన్న కుర్చీకో, అరచేతిలోని గ్లాసు చల్లదనానికో దృష్టిని తెచ్చుకోవాలి. అక్కడ కుదుటపడ్డాక మళ్లీ అంచు దగ్గరకు వెళ్లాలి. కాగిన నీళ్లలో చెయ్యి పెట్టే ముందు వేలి కొస తగిలించి చూసుకున్నంత జాగ్రత్త ఇది. విడి సెషన్‌లో నేను ఒక పాత గొడవ గురించి ఆవేశంగా చెప్పడం మొదలుపెట్టినప్పుడు శిక్షకురాలు నన్ను రెండో వాక్యం దగ్గరే ఆపి, నా కుడి పిడికిలి ఎప్పుడు ముడుచుకుందో గమనించానా అని అడిగారు. గమనించలేదు. దాన్ని తెరవమని ఆమె అనలేదు, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త నెమ్మదిగా బిగించి చూడమన్నారు. బొటనవేలు లోపలికి మడిచి ఉంది. మోచేతి దాకా పాకిన వణుకు కాసేపటికి తగ్గింది, ఆ తర్వాత వేళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. కథ పూర్తిగా చెప్పే అవసరం రాలేదు. అంతకుముందు అదే కథను కౌన్సెలింగ్‌లో ఎన్నోసార్లు చెప్పి, చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పోగొట్టుకున్నవాడిగా ఈ తేడాకు నేను విలువ ఇస్తాను.

కోర్సు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది తాగాలనే తపన గురించిన పాఠం. తపన అనేది మనసులోని కోరిక అనుకుంటాం, సంకల్పబలంతో దాన్ని అణచాలనుకుంటాం. ఈ పాఠంలో దాన్ని శరీరంలో వెతకమంటారు. అది ఎక్కడ మొదలవుతోంది, నాలుక మీదా, గొంతులోనా, పక్కటెముకల కిందా? వెచ్చగా ఉందా, లాగుతున్నట్టు ఉందా, ఖాళీగా ఉందా? కదులుతోందా, ఒకేచోట ఉందా? నాకు అది ఎప్పుడూ నాలుక వెనక భాగంలో ఒక రకమైన పొడితనంగా మొదలై, ఛాతీ మధ్యకు దిగి, అక్కడి నుంచి చేతుల్లోకి పాకి చేతులకు ఏదో ఒక పని కావాలన్న ఆత్రంగా మారేది. ఆ దారి తెలిశాక, ఆత్రం చేతుల్లోకి వచ్చేలోపే పట్టుకోవడం సాధ్యమైంది. అణచకుండా, లొంగకుండా దాని పక్కనే కూర్చుంటే అది పెరిగి, ఒక శిఖరానికి చేరి, తగ్గుతుంది. తగ్గుతుందని పుస్తకంలో చదవడం వేరు, తగ్గడాన్ని సొంత ఒంట్లో చూడటం వేరు.

ఈ అభ్యాసం కోర్సువారు కనిపెట్టినది కాదు. వ్యసనాల పునరావృత్తిని నివారించే పద్ధతులపై పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని చాలా ముందే ప్రచారంలోకి తెచ్చారు. ఆ సంప్రదాయం నుంచి పుట్టిన ధ్యానాధారిత నివారణ కార్యక్రమాన్ని 2014లో ప్రచురితమైన ఒక పరీక్షలో 286 మంది మీద మరో రెండు రకాల చికిత్సలతో పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఆ కార్యక్రమంలో ఉన్నవారు మత్తుపదార్థాలు వాడిన రోజులూ, అతిగా తాగిన రోజులూ మిగతా రెండు బృందాలవారి కన్నా తక్కువగా ఉన్నాయి. తపనకూ శరీరానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో 2007లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరంగా చూపింది. మెదడుకు దెబ్బ తగిలిన 69 మంది ధూమపానం చేసేవారిని పరిశీలిస్తే, వారిలో ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న 19 మందిలో చాలామంది పొగతాగడాన్ని ఏ ప్రయాసా లేకుండా మానేశారు. గుండె కొట్టుకోవడం, కడుపు నిండటం, శ్వాస ఆడటం వంటి ఒంటి లోపలి సమాచారాన్ని మెదడు గ్రహించడంలో ఇన్సులాది ముఖ్యపాత్ర. ఇంత బలమైన ఆధారాలు చేతిలో ఉండగా కోర్సు వాటిలో ఒక్కదాన్నీ ప్రస్తావించదు. ప్రస్తావించినవన్నీ ఇంతకన్నా బలహీనమైనవే కావడం విచిత్రం.

శ్వాస గురించిన పాఠాలు రెండు రకాలుగా ఉన్నాయి, ఆ రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. మొదటి రకంలో ముక్కుతో మామూలుగా పీల్చి, వదలడాన్ని కాస్త పొడిగించమంటారు. దీని వెనక ఉన్న శరీరధర్మం గట్టిదే. శ్వాస పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా దిగే వేగస్ అనే నాడి గుండె మీద చూపే ప్రభావం ఎక్కువ కావడమే ఇందుకు ముఖ్య కారణం. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల దగ్గర గుండె లయకూ రక్తపోటు హెచ్చుతగ్గులకూ మంచి పొత్తు కుదురుతుంది. 2001లో ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డీ బృందం జపమాల ప్రార్థననూ యోగమంత్రాన్నీ పరీక్షించి, రెండూ శ్వాసను నిమిషానికి దాదాపు ఆరుకే తెస్తాయని చూపింది. కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్న సంగతి పూజగదుల్లో ఎంత కాలంగా ఉందో ఆ లెక్క చెబుతుంది. రాత్రి మెలకువ వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఈ అభ్యాసమే చేస్తాను. ప్రతిసారీ నిద్ర పట్టకపోయినా దవడ మాత్రం సడలుతుంది.

రెండో రకం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోర్సు మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదొకటి. సగం కోర్సు గడిచాక ఒక గ్రూపు సెషన్‌కు వేరే అతిథి శిక్షకుడిని పిలిచారు. ఆయన అందరినీ పడుకోబెట్టి, నోటితో గబగబా, ఆపకుండా, పెద్ద సంగీతం మధ్య శ్వాస తీయమన్నారు. కొద్ది నిమిషాల్లోనే నా పెదవుల చుట్టూ చిమచిమలు మొదలయ్యాయి. వేళ్లు తిమ్మిరెక్కి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి, మణికట్లు వంగిపోయాయి. తెర మీద కనిపిస్తున్న మరో ఇద్దరి చేతులు కూడా అలాగే కొంకర్లు పోయి ఉన్నాయి, ఒకరు ఏడుస్తున్నారు. ఆయన మాత్రం ఏళ్ల తరబడి శరీరంలో దాగిన ట్రామా బయటికి వస్తోందనీ, ఆపవద్దనీ ఉత్సాహపరిచారు. అక్కడ జరిగినది వైద్య విద్యార్థులు మొదట్లోనే చదువుకునే విషయం. అతిగా శ్వాసించినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, దానితో రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం తగ్గి నరాలూ కండరాలూ అతిగా స్పందిస్తాయి, చేతులు కొంకర్లు పోతాయి. మెదడులోని రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. ఏ గాయమూ లేని మనిషి చేసినా ఇదే జరుగుతుంది.

ఇందులో నన్ను బాధించింది తిమ్మిరి కాదు, అది మామూలుగా శ్వాస తీసుకోగానే పోయింది. అంతవరకు వేలి కొసతో తాకమని నేర్పిన కోర్సు ఒక్క సాయంత్రం అందరినీ కాగులో దించింది. అలాంటి అనుభవంలో కొందరికి ఊరట దొరకవచ్చు, కాదనను. కానీ మూర్ఛ చరిత్ర ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, తీవ్ర మానసిక రుగ్మతలు ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలని ముందుగా అడగడం, చెప్పడం కనీస ధర్మం. అదేమీ జరగలేదు. మర్నాడు వచ్చిన ఈమెయిల్‌లో అందరి ధైర్యానికీ అభినందనలు మాత్రం ఉన్నాయి. మా శిక్షకురాలు తర్వాతి విడి సెషన్‌లో ఆ అభ్యాసం తనకు సమ్మతం కాదని మెల్లగా ఒప్పుకున్నారు, గ్రూపులో మాత్రం ఆ మాట అనలేదు.

ఇక సిద్ధాంతం సంగతి. కోర్సులో ప్రతి సమస్యకూ వేగస్ నాడే కారణం, ప్రతి పరిష్కారానికీ వేగస్ నాడే దారి. ఈ నాడి ముఖ్యమైనదే. మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల కపాల నాడుల్లో పదవదైన ఇది గుండెకూ ఊపిరితిత్తులకూ జీర్ణాశయానికీ చేరుతుంది, దాని తంతువుల్లో సుమారు 80 శాతం లోపలి అవయవాల నుంచి మెదడుకు కబుర్లు మోసేవే. దాన్ని ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని పందొమ్మిదో శతాబ్దంలోనే తెలుసు. ఆ ప్రభావం ఒక రసాయనం ద్వారా జరుగుతుందని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో నిరూపించి, తర్వాత 1936 నోబెల్ బహుమతిని హెన్రీ డేల్‌తో పంచుకున్నారు. ఇంతవరకు పేచీ లేదు. కానీ కోర్సు ఇక్కడ ఆగక, స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని తేలిపోయిన సత్యంలా బోధిస్తుంది. వేగస్‌లో ఒక శాఖ సరీసృపాల నాటి పాతదనీ, అది మొద్దుబారుడుకు కారణమనీ, మరో శాఖ క్షీరదాలకే ప్రత్యేకమైన కొత్తదనీ, అది సామాజిక భద్రతకు మూలమనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. శ్వాసతో పాటు మారే గుండె లయను వేగస్ పనితీరుకు నమ్మకమైన కొలమానంగా తీసుకోవడం సరికాదని పాల్ గ్రాస్‌మన్, ఎడ్విన్ టేలర్ 2007లో విమర్శించారు. క్షీరదాల ప్రత్యేకత అన్న వాటిలో కొన్ని ఊపిరితిత్తుల చేపల్లోనూ ఉన్నాయని 2018లో మరో బృందం చూపింది. పటం గీసి, రంగులు వేసి, నిచ్చెన మెట్లుగా చూపిన ఆ పాఠంలో ఈ వివాదం గురించి ఒక్క వాక్యం లేదు. అనుభవాన్ని వర్ణించుకోవడానికి ఆ పటం కొంతమందికి పనికివస్తుంది, నాకూ పనికివచ్చింది. పనికివచ్చే పటాన్ని శరీర నిర్మాణ శాస్త్రమని చెప్పడం మాత్రం నేల విడిచి సాము చేయడమే.

అడవి జంతువులు ప్రమాదం తప్పాక ఒళ్లు దులుపుకుని వణికి ఒత్తిడిని వదిలించుకుంటాయి కాబట్టి వాటికి ట్రామా ఉండదన్న మాట కూడా పాఠాల్లో పదేపదే వస్తుంది. వినసొంపుగా ఉన్నా అది నిలిచే వాదం కాదు. అడవిలో పట్టిన చికడీ పక్షులకు వేటపక్షుల కూతలు వినిపించి చూసిన 2019 నాటి పరిశోధనలో, వారం గడిచి, మిగతా పక్షుల గుంపులో కలిశాక కూడా వాటి మెదడులోనూ ప్రవర్తనలోనూ భయం ఆనవాళ్లు కనిపించాయి. వణుకు వస్తే రానివ్వడం మంచిదని నా అనుభవం కూడా చెబుతుంది, అందుకు జింకల సాక్ష్యం అక్కర్లేదు.

ఈ పద్ధతులు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు ఆధారాలు కొన్ని ఉన్నాయి, అవి చిన్నవి. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్‌పై 2017లో వెలువడిన ఒక యాదృచ్ఛిక పరీక్షలో (ఎవరు ఏ బృందమో చీటీ వేసినట్టు తేల్చే పరీక్ష), ట్రామా అనంతర ఒత్తిడి రుగ్మత ఉన్న 63 మందిలో చికిత్స పొందినవారికి లక్షణాలు గణనీయంగా తగ్గాయి. కానీ వారిని పోల్చింది ఇంకా చికిత్స మొదలుకాని, వరుసలో వేచి ఉన్నవారితో. మరో స్థిరపడిన చికిత్సతో పోల్చలేదు. 2014లో బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం ఏ చికిత్సకూ లొంగని రుగ్మత ఉన్న 64 మంది మహిళలపై చేసిన పరీక్షలో, పది వారాల యోగా తర్వాత 52 శాతం మంది రుగ్మత నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. ఆరోగ్య విద్య తరగతులకు హాజరైన రెండో బృందంలో ఇది 21 శాతం. ఇవి ఆశ కలిగించే అంకెలే. ఇంకోపక్క, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రుగ్మతకు సిఫారసు చేసినవాటిలో ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకర జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) ఉన్నాయి. కోర్సు ప్రచార పేజీలో మాటల చికిత్సలను తీసిపారేసినట్టు రాయడం ఈ నేపథ్యంలో అన్యాయం. నాకు ఈ అభ్యాసాలు అందివచ్చింది ఆ మాటల చికిత్స వేసిన పునాది మీదే.

అన్నిటికన్నా తీవ్రమైన లోపం వేరే ఉంది. కోర్సు పేరులోనే వ్యసనం ఉంది, చేరేవారిలో ఇంకా తాగుతున్నవారూ ఉంటారు. చేరేటప్పుడు నింపించే ఫారంలో మాత్రం చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎంత తాగుతారు, మానేసినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్నలు లేవు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారి మెదడు ఆ మత్తుకు అలవాటుపడి, దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది. హఠాత్తుగా ఆపితే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. చివరిగా తాగిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో మతిభ్రమణం, లేనివి కనిపించడం, తీవ్రమైన వణుకు, జ్వరంతో కూడిన డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది, చికిత్స అందకపోతే అది ప్రాణం తీయగలదు. నిద్ర కోసం, ఆందోళన కోసం వాడే బెంజోడయాజిపీన్ మాత్రలను ఒక్కసారిగా ఆపినా ఇటువంటి ప్రమాదమే ఉంది. ఈ దశలో చెయ్యి వణుకుతుంటే దాన్ని ట్రామా విడుదలగా భావించి పక్కన కూర్చుని గమనించడం అంటే ఆసుపత్రికి వెళ్లవలసిన సమయాన్ని పోగొట్టుకోవడమే.

ఇది కేవలం ఊహించి రాస్తున్న భయం కాదు. ఒక గ్రూపు సెషన్‌లో ఒక సభ్యుడు తాను నల్లమందు జాతి మత్తుల నుంచి బయటపడటానికి బ్యూప్రినార్ఫిన్ వాడుతున్నాననీ, ఈ అభ్యాసాల వల్ల బాగుంది కాబట్టి దాన్ని మానేయవచ్చా అనీ అడిగాడు. సెషన్ నడుపుతున్న వ్యక్తి ఆయన శరీరానికి ఏం కావాలో ఆయన శరీరమే చెబుతుందని జవాబిచ్చారు. బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ వంటి మందులు ఈ రోగుల్లో మరణాలను తగ్గిస్తాయన్నది బాగా నిరూపితమైన విషయం. వాటిని ఆపిన తర్వాత శరీరానికి మత్తును తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, అప్పుడు పాత మోతాదు తీసుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ ప్రశ్నకు ఉన్నది ఒక్కటే జవాబు, మీకు మందు రాసిన డాక్టరుగారిని అడగకుండా ఒక్క మోతాదు కూడా తగ్గించవద్దు అని. ఆ మాటను చాట్‌లో నేనూ మరొకరూ రాశాం. నిర్వాహకులు రాయలేదు.

శిక్షకుల అర్హత గురించి కూడా ఒక మాట. సొమాటిక్ పద్ధతుల్లో సర్టిఫికెట్ ఉండటం వేరు, మానసిక చికిత్స చేయడానికి లైసెన్సు ఉండటం వేరు. కోర్సు పేజీలో ఈ రెండూ కలగలిపి ఉన్నాయి, అడిగితే గానీ విడదీసి చెప్పలేదు. నాకు కేటాయించిన శిక్షకురాలికి రెండూ ఉన్నాయి, అందుకే నా అనుభవం మంచిదైంది. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు నా కళ్లలో చూపు మారిందో, ఎప్పుడు నేను మాట్లాడుతూనే లోపల లేకుండా పోయానో ఆమె చిన్న తెర మీద కూడా పసిగట్టేవారు. అలా పసిగట్టే మనిషి లేకుండా వీడియోలు మాత్రమే కొనుక్కునే చవక పథకాన్ని కూడా వీరు అమ్ముతున్నారు. శరీరం మీదికి దృష్టి మళ్లించడమే కొందరికి భయాన్ని పెంచుతుంది, విశ్రాంతి కోసం చేసే అభ్యాసాలే ఆందోళన తెప్పించడం పరిశోధనల్లో నమోదైన విషయమే. అలాంటివారు ఒంటరిగా వీడియో ముందు కూర్చుని ఏం చేయాలో ఆ పథకంలో ఎవరూ చెప్పరు.

కాబట్టి నా సలహా ఇది. తాగుడో మాదకద్రవ్యమో మానేసి కొంతకాలం గడిచి, వైద్యుడూ కౌన్సెలరూ అందుబాటులో ఉండి, ఇంకా ఒళ్లు బిగుసుకుని ఉండే సమస్య వేధిస్తున్నవారు విడి సెషన్లు ఉన్న పథకంలో చేరవచ్చు. చేరే ముందు తమకు కేటాయించే శిక్షకుడికి ఏ లైసెన్సు ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. వేగంగా శ్వాస తీయించే సెషన్ ఉంటే దానికి రానని ముందే చెప్పాలి, కారణం చెప్పవలసిన పని లేదు. ఇంకా రోజూ తాగుతున్నవారు, ఈ మధ్యే మానేసినవారు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారు, తరచూ తమ మీద తమకు స్పృహ తప్పినట్టు అయ్యేవారు మొదట వెళ్లవలసింది డాక్టరు దగ్గరకు. చవక పథకాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

చేరిక ఫారంలో చేర్చవలసిన ప్రశ్నలను వరుసగా రాసి నేను నిర్వాహకులకు పంపాను. మర్యాదగా కృతజ్ఞతలు చెబుతూ, తదుపరి బ్యాచ్ నాటికి పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ బ్యాచ్ మొదలైంది. ఫారం తెరిచి చూశాను, పుట్టిన తేదీ తర్వాత ఉన్న ప్రశ్న ఇప్పటికీ ఈ కోర్సు గురించి మీకు ఎలా తెలిసింది అన్నదే, చివరిసారి ఎప్పుడు తాగారన్న ప్రశ్న ఎక్కడా లేదు.